కరకట్టపై మంద: బాధ్యత ఎవరిది?



సాయంకాలం ఐదున్నర దాటిన తరువాత దివిసీమలో కరకట్ట వెంట ఒకసారి ప్రయాణించి చూడండి. ఒక ప్రక్క కృష్ణానది పాయ, మరొక ప్రక్క వరిచేలు, చేపల చెరువులు. నడుమ గట్టుమీద, రెండు వాహనాలు ఎదురుపడితే ఒకటి ఒదిగి నిలువవలసినంత ఇరుకు దారి. ఆ దారి నిండా ఇండ్లకు మరలివచ్చే గేదెలు. ముందు మెడలో గంటతో ఒక ముసలి గేదె, దాని వెనుక పాడివి, చూడివి, వాటి నడుమ గెంతులు వేసే దూడలు. అన్నింటికీ వెనుక, తలకు తువ్వాలు చుట్టి, చేత కర్ర, అన్నపు క్యారియరు పట్టుకొని నడిచే కాపరి. మీరు హారను మ్రోగిస్తారు. గేదె కదలదు. మరల మ్రోగిస్తారు. అది తల త్రిప్పి మీ వంక చూసి, అక్కడనే నిలిచిపోతుంది. అప్పుడు మీ నోటివెంట కాపరిని గురించి ఒక మాట వస్తుంది. ఆ మాట నా నోటివెంట కూడా పలుమార్లు వచ్చినదే. అది న్యాయమైన మాట కాదని నాకు తెలిసివచ్చిన విధమును మీకు విన్నవించుటకే ఈ వ్యాసం.

నేను బి.యస్సీ. పూర్తిచేసి బ్యాంకులో క్షేత్రాధికారిగా చేరినవాడను. మా ఉద్యోగంలో సగం కాలం బల్ల ముందు, మిగిలిన సగం మోటారు సైకిలు మీద గడుస్తుంది. అప్పు ఇవ్వకముందు చేను, పాక, పశువు చూడాలి. ఇచ్చిన తరువాత అవి ఉన్నవో లేవో మరల చూడాలి. కనుక దారిలో నాకు అడ్డుపడే గేదెలు నాకు పరాయివి కావు. చెవికి పసుపుపచ్చ బిళ్ల ఉన్న వాటిలో కొన్ని మా శాఖకు హైపోథికేషన్ అయినవే. అంతేకాదు, వాటి వెనుక నిలిచి హారను మ్రోగించే చిన్న లారీలు, పాలవ్యానులు, ట్రాక్టర్లలో అనేకం మా అప్పుతో కొన్నవే. రోడ్డుకు అడ్డంగా ఉన్నదీ మా ఆస్తే, దానిని తొలగమంటున్నదీ మా ఆస్తే!

ఒక్క నిమిషంలో రెండు అప్పులు

ఒక మార్గశిర మాసపు సంధ్యవేళ జరిగిన సంగతి చెబుతాను. వ్యక్తుల పేర్లు, గ్రామం పేరు అవసరం లేదు.

భర్త పోయిన ఒక కౌలు కుటుంబపు సోదరి మా శాఖలో అప్పు తీసుకొని రెండు గ్రేడెడ్ ముర్రా గేదెలు కొన్నది. అందులో ఒకటి మూడవ ఈత గేదె. పూటకు నాలుగు లీటర్లకు తగ్గకుండా పాలిచ్చేది. ఆమెకు సెంటు భూమి లేదు. పదకొండు ఇండ్ల గేదెలను నెలకు తలకింతని మాట్లాడుకొని మేపే ఒక వృద్ధుడికి ఆమె కూడా తన గేదెలను అప్పగించింది. ఆ సాయంత్రం మంద గట్టు ఎక్కుతున్నది. చేపల మేత దించి తిరిగివస్తున్న ఒక చిన్న సరకు వాహనం ఎదురువచ్చింది. వృద్ధుడు మందకు ముందుకు పరుగెత్తి చేయి ఎత్తినాడు. వాహనం ఆగలేదు. దూడ అడ్డంగా ఉరికింది, దూడ వెంట తల్లి ఉరికింది. గేదె తుంటి విరిగి ఆ రాత్రే చనిపోయింది. వాహనం గట్టు దిగి తుమ్మచెట్టుకు తగిలింది. నడుపుతున్న యువకుడి చేయి విరిగింది.

మరునాడు నేను ఆ యువకుణ్ణి ఆసుపత్రిలో చూచినాను. అతడు కూడా మా శాఖ ఖాతాదారుడే. "పెద్దాయన చెయ్యెత్తితే బండి ఎక్కించుకోమంటున్నాడనుకున్నానండీ" అని అతడు చెప్పిన మాట నేను మరువలేను. అతడిది దురుసుతనం కాదు. ఆ చేతి భాష అతడికి ఎవరూ నేర్పలేదు.

గేదెకు భీమా ఉన్నది. కాని చనిపోయిన గేదె చెవికి బిళ్ల లేదు. ముళ్లకంచెకు తగిలి చెవి చిరిగి, బిళ్ల ఊడి రెండు నెలలయినది. ఆ ముక్కను ఆమె రేకుడబ్బాలో భద్రంగా దాచి ఉంచి నాకు చూపించింది. బిళ్ల చెవికి ఉండాలి గాని డబ్బాలో కాదన్న సంగతి ఆమెకు అప్పటికి అర్థం కాలేదు. భీమా సంస్థవారు ఆ పశువే ఈ పశువని నిర్ధారించుటకు ఆధారం లేదని క్లెయిము త్రిప్పిపంపినారు. నియమం ప్రకారం వారు చేసినది తప్పని నేను అనలేను.

ఇక్కడ నేను ఒక విషయం ఒప్పుకొనవలసి ఉన్నది. ఆ ప్రమాదానికి నెలన్నర ముందు నేను తనిఖీకి వెళ్లినాను. చిరిగిన చెవి చూచినాను. "బిళ్ల వేయించుకోవమ్మా" అని చెప్పినాను. తనిఖీ రిజిష్టరులో "పశువులు రెండునూ ఆరోగ్యముగా ఉన్నవి" అని వ్రాసి సంతకం చేసినాను. వ్రాసినది అబద్ధం కాదు. కాని బిళ్ల లేని సంగతి వ్రాయలేదు, పశువైద్యశాలకు ఒక్క ఫోను చేయలేదు. ఆమె పోగొట్టుకొన్న దానిలో నా వాటా ఎంతో నాకు తెలుసు.

ఒక్క నిమిషంలో ఆమె కిస్తీ ఆగిపోయింది, యువకుడి కిస్తీ కూడా ఆగిపోయింది. వృద్ధుడికి ఎనిమిది ఇండ్లవారు గేదెలు ఇవ్వడం మానివేసినారు. బ్యాంకు లెక్కలో మాత్రం రెండే ఖాతాలు కనిపిస్తవి. మూడవవాడికి ఖాతాయే లేదు.

పశువు రోడ్డుకు ఎందుకు వస్తున్నది?

"గేదెలను రోడ్డుమీదకు ఎందుకు తోలుతారు?" అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: మరెక్కడికి తోలాలి?

దివిసీమ కృష్ణానది రెండు పాయల నడుమ, సముద్రాన్ని ఆనుకొని ఉన్న దీవి. పులిగడ్డ వద్ద నది చీలుతుంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి ప్రాంతాలన్నీ ఇక్కడివే. నేల పరిమితం, చుట్టూ నీరు. పూర్వం సార్వా వరి కోసిన తరువాత చేలన్నీ ఊరి పశువులకు మేతబీళ్లుగా ఉండేవి. గట్లు, పోరంబోకులు, చెరువు కట్టలు, నదిలోని లంకలు ఉండేవి. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా లెక్కించి చూడండి.

కోతకు ముందే వరిలో మినుము చల్లుతున్నారు. వరి తీయగానే నేల మీద మినుము మొలక ఉంటుంది. పశువు దిగితే రైతు ఊరుకోడు, ఊరుకోనవసరం కూడా లేదు. అది అతడి రెండవ పంట. పల్లపు భూములు, బీళ్లు చాలవరకు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయినవి. చెరువు గట్టుపై పశువు నడిస్తే గట్టు జారుతుందని యజమాని భయం. కోతయంత్రం వచ్చిన చోట్ల గడ్డి కట్టలుగా ఇంటికి చేరడం తగ్గింది. వాము వేసుకొనే ఇండ్లు తగ్గినవి. ఇక మిగిలిన పచ్చిక ఎక్కడ? కాలువ గట్టు మీద, కరకట్ట వాలు మీద, రోడ్డు అంచున. అవి మాత్రమే ఎవరి పట్టాలోనూ లేనివి. భూమిలేని పేదవాడి పశువు రోడ్డుమీదికి అలవాటు చేతనో అలసత్వం చేతనో రాలేదు. ఊరిలోని మేతనేలలన్నీ పోగా చివరకు మిగిలిన మేతనేల ఆ రోడ్డు అంచే గనుక వచ్చినది.

దీనికి తోడు వరదలు. కృష్ణలో నీరు పెరిగినప్పుడు లంకలలోని పశువులను కరకట్టకు చేర్చడం తప్ప గత్యంతరం లేదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో అంతకు మించి 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అటువంటి రోజులలో కరకట్టయే మనిషికీ, పశువుకూ ఆశ్రయం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను ఈ సీమలోని పెద్దలు నేటికీ తలచుకొంటారు. ఆనాడు వేలాది మనుషులతో పాటు పశుసంపద కూడా తుడిచిపెట్టుకొని పోయింది. ఎత్తైన నేల విలువ ఇక్కడివారికి ఒకరు చెప్పనవసరం లేదు. ఆ ఎత్తైన నేలనే నేడు మనం రోడ్డు అంటున్నాము.

ఇక రాత్రివేళ పశువు రోడ్డుపై పడుకొనడానికి వేరే కారణాలున్నవి. వర్షాకాలంలో చుట్టూ తడినేల, రోడ్డు పొడిగా ఉంటుంది. పగటి వేడిని తారు కొంతసేపు నిలుపుకొంటుంది. గట్టు మీద గాలి వీస్తుంది గనుక దోమలు, ఈగలు తక్కువ. ఇది జంతువుకు సహజంగా తెలిసిన విషయం. కొమ్ము పట్టి లాగినంత మాత్రాన మారేది కాదు.

చట్టం ఏమంటున్నది?

మన ఊళ్లలో బందెలదొడ్డి అనే మాట పెద్దలందరికీ తెలుసు. దాని వెనుక 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ఉన్నది. చేను మేసిన పశువును పట్టి 24 గంటలలోగా దొడ్డికి పంపే హక్కు రైతుకు, రోడ్డు మీద, కాలువగట్టు మీద విచ్చలవిడిగా తిరిగే పశువును పట్టి పంపే అధికారం ఆయా శాఖలవారికి, పోలీసులకు ఆ చట్టం ఇచ్చినది. అనేక గ్రామాలలో ఆ దొడ్డి గోడ కూలిపోయింది. కొన్నిచోట్ల ఆ స్థలమే కనపడదు. పశువు వలన మనిషి ప్రాణానికి ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకొనని వ్యక్తికి 6 నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను చెబుతున్నది. రహదారులపై తిరిగే పశువులను తొలగించి ఆశ్రయాలకు తరలించవలసినదిగా 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. దివిసీమను దాటి పులిగడ్డ వారధి మీదుగా రేపల్లె వైపు పోయే 216వ నంబరు జాతీయ రహదారి కూడా అటువంటి రహదారులలోనిదే.

ఇవన్నీ పశువు యజమాని బాధ్యతలు. వాహనం నడిపేవారి బాధ్యత కూడా చట్టంలో ఉన్నది, కాని దానిని ఎవరూ చెప్పరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 132వ సెక్షను ప్రకారం, వాహనాన్ని చూచి పశువు బెదిరి అదుపు తప్పుతుందని భావించి దాని సంరక్షకుడు ఆగమని కోరినట్లయితే, వాహనాన్ని ఆపి తగినంతసేపు నిలిపి ఉంచవలసిన బాధ్యత డ్రైవరుది. చదువురాని వృద్ధుడు ఎత్తిన ఆ చేతికి చట్టబలం ఉన్నది! లైసెన్సు తీసుకొన్న మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు? నాకు కూడా ఆ ప్రమాదం జరిగిన తరువాతనే తెలిసినది.

కనుక అదిలించేవాడు లేక తిరిగే పశువునూ, కాపరి వెంట నడిచే మందనూ ఒకే గాటన కట్టరాదని నా అభిప్రాయం. మొదటిది నిర్లక్ష్యం. పాలు పిండుకొని, గేదెను వీధిలోకి వదిలి, సాయంత్రం అదే వస్తుందిలే అనుకొనే యజమాని తప్పుచేస్తున్నాడు. అతడిపై చట్టం ప్రయోగించవలసినదే. రెండవది వృత్తి. దానికి దారి ఇవ్వవలసిన బాధ్యత మనది.

బ్యాంకు తప్పు ఎక్కడ?

"పశువులను కట్టివేసి మేపమని ఎందుకు చెప్పరు?" అని కొందరు మిత్రులు అడుగుతారు. చెప్పడం తేలిక. లెక్క చూడండి. పాడిగేదెకు రోజుకు సుమారు 25 నుండి 30 కిలోల పచ్చిమేత, 5, 6 కిలోల ఎండుగడ్డి కావాలి. నీటి వసతి ఉన్న భూమిలో హైబ్రిడ్ నేపియర్ వంటి గడ్డి వేసినా గేదెకు 10 సెంట్లకు తక్కువ కాకుండా కావాలి. మా అప్పుతో గేదె కొన్న ఆ సోదరికి ఆ 10 సెంట్లు ఎక్కడివి?

ఈ ప్రశ్న మేము అప్పు ఇచ్చేటప్పుడే అడిగి ఉండవలసినది. మా దరఖాస్తులో పశువు జాతి, వయస్సు, ఈతల సంఖ్య, పాలదిగుబడి, ధర, పాలు పోసే కేంద్రం అన్నీ ఉంటవి. "మేత ఎక్కడిది?" అన్న గడిలో మేము సాధారణంగా "స్థానికముగా లభ్యమగును" అని వ్రాస్తాము. స్థానికముగా అంటే రోడ్డు అంచునే అని మాకు తెలియనిది కాదు. ఆ ఒక్క వాక్యంతో ఆ పశువును మేమే రోడ్డుమీదికి తోలినాము. కాపరి దానిని వెంట నడిపించినాడు, అంతే.

నా పై అధికారులకు ఈ మాట రుచించకపోవచ్చును. అయినను పశువుకు అప్పు ఇచ్చి మేతకు ఇవ్వకపోవడం, ఇంజనుకు అప్పు ఇచ్చి డీజిలుకు ఇవ్వకపోవడం వంటిదే. మార్గం లేకపోలేదు. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన మేరకు 2019 నుండి కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యం పాడి, మత్స్య రంగాలకు కూడా వర్తిస్తున్నది. దాణా, మేత, పశువైద్యం, కూలి వంటి నడుమ ఖర్చులకు అందులో అప్పు తీసుకోవచ్చును. పశుపోషణకు 2 లక్షల రూపాయల వరకు వడ్డీ రాయితీ ఉన్నది. సకాలంలో తీర్చినవారికి 3 శాతం ప్రోత్సాహకం పోగా పడే వడ్డీ 4 శాతం. ఇందుకు సొంత భూమి ఉండి తీరాలన్న నిర్బంధం లేదు. నలుగురైదుగురు కలిసి ఉమ్మడి బాధ్యతా బృందంగా ఏర్పడి, అర ఎకరం కౌలుకు తీసుకొని మేత పెంచుకొంటే అందుకు అప్పు ఇవ్వడానికి అభ్యంతరం ఉండరాదు. ఈ సంగతి మా శాఖలకు వచ్చే పాడిరైతులలో చాలమందికి తెలియదు. తెలియజేయవలసినది మేమే.

ఎవరేమి చేయాలి?

అప్పు తీసుకొన్న సోదర సోదరీమణులకు నా మొదటి మనవి చెవిబిళ్ల. దానిపై ఉన్న 12 అంకెల సంఖ్యయే మీ పశువుకు గుర్తింపు. అది ఊడిన రోజుననే పశువైద్యశాలకు వెళ్లి క్రొత్తది వేయించి, ఆ సంఖ్యను బ్యాంకుకు, భీమా కార్యాలయానికి వ్రాతపూర్వకంగా తెలుపండి. తెలిపిన కాగితం నకలు దగ్గర ఉంచుకొనండి. పశువు చనిపోతే పాతిపెట్టక ముందే భీమావారికి కబురు చేయండి. పశువైద్యుని శవపరీక్ష నివేదిక లేనిదే క్లెయిము సాగదు. ప్రమాదంలో చనిపోతే పోలీసు ఫిర్యాదు కూడా అవసరపడుతుంది. 2024లో కేంద్ర మంత్రివర్గం పశు భీమాలో రైతు వాటాను ప్రీమియంలో 15 శాతానికి తగ్గించినది. కనుక అప్పు తీరగానే భీమా మానివేయకండి. గాయపడిన పశువుకు 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

రెండవ మనవి మేత. సొంత చేను ఉన్నవారు వరి కోతకు ముందు మినుముతో పాటు ఒక మడిలో పిల్లిపెసర గాని, జనుము గాని చల్లండి. ఇవి మన డెల్టాకు క్రొత్తవి కావు. పశువుకు మేత, నేలకు సత్తువ. కోతయంత్రం వాడినప్పుడు గడ్డిని చేలోనే తగులబెట్టక కట్టలు కట్టించండి. మీకు అక్కర లేకపోతే అక్కర ఉన్నవారు ఊరిలోనే ఉన్నారు.

మూడవది వెలుగు. నల్లని గేదె సంధ్యవేళ నల్లని తారు మీద కనబడదు. కొమ్ములకో, మెడపలుపుకో రేడియం పట్టీ కట్టండి. దాని ఖరీదు ఒక పూట పాలడబ్బు కూడా కాదు. తప్పించుకొని పరుగెత్తే అలవాటున్న పశువుకు మన పెద్దలు మెడలో గుదిబండ కట్టేవారు. దానిని సామెతలకే విడిచిపెట్టకుండా అవసరమైన చోట వాడుకోవచ్చును. మంద ముందు ఒకరు, వెనుక ఒకరు నడిచేటట్లు చూడండి. పదకొండు ఇండ్లవారు కలిసి కాపరికి ఇచ్చేది మరికొంత పెంచితే రెండవ మనిషి దొరుకుతాడు. చిన్నపిల్లలను బడి మాన్పించి ఈ పనికి పంపడం మాత్రం తగదు.

డీలరు మిత్రులారా! దాణా, చేపల మేత, ఎరువులు అమ్మే మీ వాహనాలే సంధ్యవేళ ఈ దారిపై ఎక్కువగా తిరుగుతవి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు ప్రమాదం గుర్తించి బ్రేకుపై కాలు మోపడానికే అంత కాలం పడుతుంది. 30 కిలోమీటర్ల వేగమైతే ఆ దూరం సగమే. కరకట్టపై సాయంకాలం 30కి మించవద్దని మీ డ్రైవర్లకు చెప్పండి. మందను చూడగానే హారను మాని, లైటు దించి, ఆగండి. హారనుకు గేదె తొలగదు, దూడ బెదురుతుంది. దూడకు, తల్లికి నడుమ బండి పోనీయవద్దు. కాపరి చేయి ఎటు చూపితే అటు పొండి, ఎత్తితే నిలువండి. ఆ కొద్ది నిమిషాల ఆలస్యం వలన మీ వ్యాపారం చెడదు. ఒక గేదె పడిపోతే మీ దాణా కొనేవాడే ఒకడు తగ్గుతాడని గుర్తుంచుకొనండి. దాణా బస్తాతో పాటు క్యాలెండరు ఇచ్చే మీరు ఒక రేడియం పట్టీ ఇవ్వలేరా?

వేసవిలో చేలు ఖాళీ అయినప్పుడు మెట్టప్రాంతాలనుండి గొర్రెల మందలు వస్తవి. ఎరువు కోసం చేలో మంద కట్టించుకొనేది మన రైతులే. ఆ కాపరులు దారికి క్రొత్తవారు, వారికి ఊరిలో చెప్పుకొనేవారు లేరు. మంద కట్టించుకొన్న రైతు వారికి దారి చూపి, రోడ్డు దాటించేవరకు తోడుండడం న్యాయం.

పంచాయతీల విషయానికి వస్తే, బందెలదొడ్డిని పునరుద్ధరించాలి. అయితే దానిలో నీడ, నీరు, మేత ఉండాలి; అవి లేనిచో అది దొడ్డి కాదు, శిక్ష. దానితో పాటు కాలువగట్ల మీద పశువులు దిగడానికి, ఎక్కడానికి వాలుదారులు వేయించాలి. మంద ఎక్కడపడితే అక్కడ గట్టు ఎక్కకుండా నిర్ణీత స్థలంలోనే ఎక్కితే అక్కడ హెచ్చరిక పలక పెట్టవచ్చును, వేగనిరోధకం వేయవచ్చును. ఇవి కోట్లతో కూడిన పనులు కావు.

చివరకు మా క్షేత్రాధికారుల సంగతి. తనిఖీకి వెళ్లినప్పుడు పశువును లెక్కించి రావడమే కాదు, చెవిబిళ్ల సంఖ్యను మన కంటితో చదివి వ్రాయాలి. బిళ్ల లేకపోతే లేదనే వ్రాయాలి. "మేత ఎక్కడిది?" అన్న గడిలో నిజం వ్రాయాలి. మేత లేదని తేలితే అప్పు నిరాకరించమని నేను అనడం లేదు, పశువుతో పాటు మేతకు కూడా కలిపి ఇవ్వమంటున్నాను. నిరాకరిస్తే ఆ సోదరి బయట అధిక వడ్డీకి తెచ్చి అదే గేదెను కొంటుంది, అది అదే రోడ్డుకు వస్తుంది. అప్పుడు దానికి బిళ్ల కూడా ఉండదు.

ఇందులో మేము భరించవలసిన ఖర్చు ఉన్నది. మేతకు కలిపి ఇస్తే ఒక్కొక్క అప్పు పెరుగుతుంది, తనిఖీకి పట్టే కాలం పెరుగుతుంది, ఒక అధికారి చూడగల ఖాతాలు తగ్గుతవి. లక్ష్యాల పట్టిక ముందు కూర్చున్నప్పుడు ఇది చిన్న విషయం కాదని నాకు తెలుసు. అయినను రెండు ఖాతాలు మొండిబాకీలైన తరువాత వాటి వెంట తిరగడానికి పట్టిన కాలంతో పోల్చి చూస్తే నాకు ఇదే చవకగా కనిపిస్తున్నది.

ఆ యువకుడి కిస్తీలను వాయిదా వేసి క్రొత్త గడువు ఇచ్చినాము. అతడు తిరిగి బండి నడుపుతున్నాడు. ఆ సోదరికి ఒక గేదె మిగిలినది. ఆమె మరో ముగ్గురితో కలిసి కాలువ ప్రక్కన కొద్దిపాటి నేల కౌలుకు తీసుకొని గడ్డి నాటింది. అందుకైన అప్పు కాగితాలు నేనే పూర్తిచేసినాను. ఆమె పాత బాకీ మాత్రం ఇంకను ఉన్నది, నెలనెలా కొంచెంగా తీరుస్తున్నది.

వృద్ధుడు మొన్న నాకు కరకట్టపై ఎదురైనాడు. ఇప్పుడు అతడి వెంట ఉన్నవి ఐదు గేదెలే. ముందు నడిచే గేదె కొమ్ములకు రేడియం పట్టీ మెరుస్తున్నది. "ఎవరు కట్టారు తాతా?" అని అడిగినాను. "నేనే కొన్నాను బాబూ, బందరు వెళ్లినప్పుడు" అన్నాడు. తరువాత నా బండి వైపు చూసి చేయి ఎత్తినాడు. నేను ఇంజను ఆపి, చివరి దూడ గట్టు దిగేవరకు నిలిచినాను.

మీరు కూడా ఈ వారం ఆ దారిన పోయేటప్పుడు ఒక్కసారి ఆగి చూడండి. వీలైతే ఆ కాపరితో నాలుగు మాటలు మాట్లాడండి. ఊరిలో మేత ఎక్కడ ఉన్నదో, ఎక్కడ పోయినదో అతడికి తెలిసినంతగా మా దస్త్రాలకు తెలియదు. తరువాత మీ శాఖకు వెళ్లి, మేత అప్పు గురించి అడగండి. అడిగేవారు ఉంటేనే ఆ గడిలో నిజం వ్రాసే అలవాటు మాకు వస్తుంది.